ఈడ్నే ఉండా

ఆ పూట కువైట్ మీద తూజ్ లేచింది.
కిటికీల అంచున తడిగుడ్డలు కుక్కినా
సీటీ గదిలో నా పళ్ళ మధ్య ఇసుక.

దానాకి నాలుగేళ్ళు. పెదవులు నేరేడుపళ్ళు తిన్నట్టు.
పుట్టుకలోనే గుండెలో ఒక గోడకి కన్నం,
ఒక దారి ఇరుకు.
ఒకసారి కోసి కుట్టారు, మళ్ళీ కుట్టాలి.
కత్తి పట్టేముందు ఏ నాళం ఎటు తిరిగిందో
నేను చూపించాలి.

చూపించడానికి వెలుతురు కావాలి,
ఈ వెలుతురు ఊరికే రాదు.
ఒంట్లోకి వెళ్ళిన ప్రతి కిరణం
పిల్ల పేరున రాసిన అప్పు.
వడ్డీ ఎప్పుడడుగుతుందో, అసలడుగుతుందో లేదో
ఎవరూ చెప్పలేరు.
ఈ గుండె ఇంకెన్నిసార్లు ఈ బల్ల ఎక్కాలో,
అందుకే పిసినారినవుతాను.
పెద్దవాళ్ళ కొలతలన్నీ చెరిపి
వోల్టేజి డెబ్బైకి దించి,
కరెంటు తగ్గించి,
గుండె మేరకే గీత గీసి,
రెండు చప్పుళ్ళ నడుమ అది కాస్త నిలబడే చోటికి
గురి పెడతాను.
ఒక్క చప్పుడు. అంతే నేను తీసుకునేది.

తల్లి లోపలికి రాకూడదు, ఆమెకి ఆరో నెల.
అద్దం అవతల అబాయా అంచు వేళ్ళకి చుట్టుకుంటూ నిలబడింది.
వచ్చింది ఓబుళమ్మ,
చిట్వేలు మనిషి, ఆ ఇంట్లో ఆరేళ్ళుగా.
అడగాల్సిన ప్రశ్న అడిగాను:
"కడుపుతో ఏమైనా ఉన్నావా?"
"మొగున్ని సూసి మూడేండ్లాయ మేడమ్,
ఫోన్లో మాట్లాడితే కడుపొస్తాదా?"
సీసం ఏప్రన్ తొడిగాను. భుజాలు కుంగాయి.
"యాడాది బిడ్డంత బరువుండాదే" అంది,
చంకనేసుకున్నట్టే సర్దుకుంది.

మత్తు వద్దనుకున్నాం.
గుండె నూట ముప్పై దగ్గర పరిగెడుతోంది.
మిషన్ అరబ్బీలో చెప్పింది: గాలి పీల్చు, ఆపు.
ఎప్పుడో రికార్డు చేసిన మగ గొంతు.
దానా ఏడుపు లంకించుకుంది.
అప్పుడు మైకులో విన్నాను:
"అమ్మీ, బయమైతాంది."
కడప యాస. అరబ్బు పిల్ల గొంతులో.
నా వేలు బటన్ మీద ఆగిపోయింది.

"కదలాకు నా బంగారూ. ఈడ్నే ఉండా, యాడికీ పోను.
మీ జేజినాయనోళ్ళు ముత్యాలకని
సముద్రంలో దూకేవోళ్ళంట గదా.
నువ్వూ ఊపిరి బిగబట్టు, సూద్దాం."
దానా అంటే వాళ్ళ భాషలో పెద్ద ముత్యమని
ఓబుళమ్మకి ఎవరు చెప్పారో.

బుగ్గలు పూరించి పిల్ల మునిగింది.
నూట ఇరవై. నూట పద్దెనిమిది.
నొక్కాను.
కన్ను మూసి తెరిచేలోపు అయిపోయింది.

తెర మీద గుండె వచ్చింది, గరుగ్గా,
తూజ్‌లో కనిపించే ఊరిలా.
డాక్టర్ ఫిరాస్ మొహం చిట్లించాడు, "అంతా గింజలే."
నున్నగా కావాలంటే మూడింతలు పోయాలి, అన్నాను.
ఈ దుమ్ములోనే కదా పొద్దున మీరు కారు నడిపి వచ్చారు.
ఆయన మళ్ళీ చూశాడు.
ఇరుకు దారి వెంట వేలు పోనిచ్చి
ఎడమ ఊపిరితిత్తికి తిరిగే మలుపులో ఆగి
"చాలు" అన్నాడు.
విస్తరి మీద అరచెయ్యి అడ్డంపెట్టినప్పటి చాలు.
డోసు పట్టీలో అంకె రాశాను:
సున్నా పాయింట్ నాలుగు.

తల్లి పరుగున వచ్చి అడిగింది,
వాళ్ళిద్దరూ ఏం మాట్లాడుకున్నారని.
నా అరకొర అరబ్బీలో వెతికాను.
'ఇక్కడే ఉన్నాను'కి మాట దొరికింది గాని
'ఈడ్నే ఉండా'కి దొరకలేదు.
ఆమె తలూపింది. కూతుర్ని ఎత్తుకోబోతే
పిల్ల ఇటు చెయ్యి చాపి, "ఇంగ పోదామా?"

ఏప్రన్ విప్పుతూ ఓబుళమ్మ నన్ను అడిగింది:
"నా పోటో ఏమన్నా పడిందా మేడమ్?"
పడింది.
గురి చూసుకునే మొదటి బొమ్మలో, పై అంచున,
చిన్న మణికట్టు పట్టుకున్న రెండు వేళ్ళు,
పక్కన మట్టిగాజు వంపు.
రిపోర్టు పంపేముందు దాన్ని కత్తిరించాలి, నియమం.
ఇంకా కత్తిరించలేదు.